రెండుసార్లు కాలిన బోర్డు

నిన్న పొద్దున షట్టర్ ఎత్తి ఇంకా కుర్చీ కూడా తుడుచుకోలేదు, బషీర్‌బాగ్ వైపు నుంచి ఒకాయన పాలిథిన్ కవరులో హార్డ్ డిస్కు పట్టుకుని వచ్చాడు. కవరు ముడి విప్పగానే వాసన కొట్టింది. అది ప్లాస్టిక్ కాలిన వాసన కాదు, వైరు కాలిన వాసనా కాదు. అడుగంటిన పప్పు వాసనకు కొమ్ము కాలిన ఘాటు కలిసినట్టుంటుంది. డిస్కు కింద ఉండే బోర్డు మీద, మోటారును తిప్పే చిప్ కాలితే వచ్చే వాసన అది. ఆయన "నిన్నటిదాకా బాగానే పనిచేసిందండీ" అని మొదలుపెట్టేలోపే నాకు జబ్బు తెలిసిపోయింది. ఆ వాసన తగిలిన ప్రతిసారీ నాకు కమలాబాయి మేడం గుర్తుకొస్తారు. నాకు పని నేర్పింది ఆవిడే. పని ఒక్కటే నేర్పి ఉంటే ఇంత రాయవలసిన అవసరం ఉండేది కాదు.

మేడం వాళ్లది తరాలుగా హైదరాబాదే. తండ్రి సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల కొట్టులో గుమాస్తా. మేడం పెళ్లికి ముందే టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరారు. పొడుగాటి బల్లల ముందు ఆడవాళ్లంతా వరసగా కూర్చుని బోర్డుల మీద టంకం పెట్టే పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక తోటివాళ్లు చాలామంది ఇంటి పట్టున ఉండిపోయారు. ఈవిడ మాత్రం నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్‌కు వచ్చే దారిలో, ఒక గల్లీలో, మెట్ల కింద గది కిరాయికి తీసుకుని దుకాణం పెట్టేశారు. మొదట్లో టీవీలు బాగుచేసేవారట. టీవీల కాలం పోయాక హార్డ్ డిస్కులకు మళ్లారు. నోరు పెద్దది. గిరాకీ ముందు, అంటే పని తెచ్చినవాళ్ల ముందు కూడా తగ్గేది కాదు. "గింత అర్జెంటున్నోనివి పాడుగాకముందే ఇంకో కాపీ పెట్టుకోవద్దా?" అని మొహం మీదే అనేవారు. ఆ మాట పడి కూడా జనం మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు.

నేను జనగామ పక్క పల్లె నుంచి వచ్చినవాణ్ణి. ఇంట్లో అందరూ పత్తి చేలో పనిచేసేవాళ్లే. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, అక్కడా ఇక్కడా చిన్న పనులు చేసి, తెలిసినవాళ్లు చెబితే మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా సర్టిఫికెట్ చూడలేదు. ఒక చచ్చిన బోర్డు చేతిలో పెట్టి, ఏమైందో చెప్పమన్నారు. నేను బల్ల మీదున్న మల్టీమీటర్ కోసం చెయ్యి చాచాను.

"మీటర్ ఎందుకు? ముక్కు లేదా నీకు?"

సిగ్గుపడుతూ వాసన చూశాను. "కాలింది మేడం" అన్నాను.

"కాలిందని గల్లీల పోయే ఎవలకిచ్చినా చెప్తరు. ఏం కాలింది?"

నాకు తెలియలేదు. ఆవిడ నా చేతిలోంచి బోర్డు తీసుకుని, ఇంకొకటి ఇచ్చి, రెండూ మార్చి మార్చి వాసన చూపించారు. తేడా నాకు తెలిసేదాకా వదల్లేదు. "మొదలు మనిషిని అడుగు. తర్వాత కండ్లతోని చూడు. తర్వాత మీటర్ పెట్టు. కరెంటు అన్నిటికన్నా ఆఖరికి" అన్నారు. మామూలుగా మా పనిలో అందరూ చేసేది దీనికి తలకిందులు. డిస్కు చేతికి రాగానే కరెంటు పెట్టి, తిరుగుతుందో లేదో చూస్తారు. కాలిన బోర్డుకు మళ్లీ కరెంటు పెడితే మిగిలిందీ కాలుతుంది. అలా చంపేసిన డిస్కులు మా దగ్గరికి ఎన్ని వచ్చేవో.

ఆ ముక్కును కాపాడుకోవడానికి ఆవిడ పడే పాట్లు వేరే. గదిలో గోడకు లక్ష్మీదేవి పటం ఉండేది గానీ అగరొత్తి వెలిగించనిచ్చేవారు కాదు. పువ్వు పెట్టి దండం పెట్టుకోవడమే. పక్క దుకాణంవాళ్లు ఆవిడకు భక్తి లేదనుకునేవాళ్లు. నేను చేరిన కొత్తలో ఒకరోజు పెళ్లికి వెళ్లివస్తూ అత్తరు పూసుకుని పనికి వచ్చాను. గుమ్మంలోనే ఆపేశారు. "పెండ్లికొడుకా, ఇయ్యాల నీకు సెలవు" అని ఇంటికి పంపేశారు. కోపం తగ్గాక, ఎండాకాలం మధ్యాహ్నాల్లో, మొజంజాహీ మార్కెట్ నుంచి సీతాఫలం ఐస్‌క్రీం తెప్పించి పెట్టేదీ ఆవిడే.

ఇదంతా ఆవిడ స్వభావం. ఆవిడ అసలు ఎలాంటి మనిషో నాకు తెలిసింది మాత్రం శ్రీశైలం, మంజుల వచ్చిన రోజున. అవి వాళ్ల అసలు పేర్లు కావు, వాళ్ల దుకాణం కూడా నేను చెప్పబోయే చోట లేదు. ఎందుకు మార్చానో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది.

వాళ్లిద్దరూ భార్యాభర్తలు. సుల్తాన్ బజార్ వెనక సందులో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణం నడిపేవాళ్లు. కంప్యూటర్‌లో బొమ్మ పెడితే మిషన్ దానంతటదే జాకెట్ చేతుల మీద, చీర అంచుల మీద కుట్టేస్తుంది. అలాంటి దుకాణాలు ఆ చుట్టుపక్కల బోలెడు. అందరూ ఎక్కడో కొన్న డిజైన్లనే తిప్పి తిప్పి కుడతారు. మంజుల మాత్రం తన డిజైన్లు తానే గీసుకునేది. గుమ్మడి తీగ, చింతచిగురు, వాళ్ల అమ్మమ్మ వాకిట్లో వేసిన మెలికల ముగ్గులు, ఏది చూసినా దాన్ని దారంలోకి తేగలిగేది. పెళ్లివాళ్లు అడుగుతూ అడుగుతూ ఆ సందులోకి వచ్చేది వాటి కోసమే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె గీసినవన్నీ సొంత ఛార్జర్‌తో నడిచే ఆ ఒక్క డబ్బా డిస్కులోనే ఉన్నాయి. ముహూర్తాలు దగ్గరపడ్డాయి. పెళ్లికూతుళ్ల జాకెట్లు ఒప్పుకుని ఉన్నారు. డిస్కు పోతే ఆ జాకెట్లు ఒక్కటే కాదు, ఆమె చేతిపని మొత్తం పోయినట్టే.

"ఏమైంది?" అని అడిగారు మేడం.

"ఏం చేయలే మేడం" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మేడం కళ్లజోడు పైనుంచి ఇద్దరినీ చూశారు. "ఏమైంది అని అడిగిన. ఏం చేసిన్రు అని అడగలే."

శ్రీశైలం గొంతు సవరించుకున్నాడు. "అదే మేడం, నిన్న పెడితే నడుస్తలేదు. టిక్ టిక్ అంటున్నది. అదే పోయింది." మంజుల కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

మేడం డిస్కును తిప్పి, స్క్రూలు విప్పి, కింది బోర్డు తీశారు. వాసన చూశారు. నాకిచ్చారు. ఏ వాసనా లేదు. బోర్డు ఎక్కడా మచ్చ లేకుండా శుభ్రంగా ఉంది. అప్పుడు ఆవిడ బోర్డుకూ డిస్కు ఒంటికీ మధ్య ఉండే పలచటి స్పాంజి ముక్కను వేలితో లేపి, నావైపు తిప్పి పట్టుకున్నారు. స్పాంజి మీద కాలిన మచ్చలున్నాయి. కాలిన బోర్డుకు ఆనుకుని ఉంటే తప్ప స్పాంజికి మచ్చ పడదు. ఇప్పుడు దాని మీద ఉన్నది కాలని బోర్డు. అంటే ఎవరో బోర్డు మార్చారు. నేను నోరు తెరవబోతుంటే మేడం కళ్లతోనే వారించారు.

"మంజులా, ఈ డిస్కు డబ్బాకు సొంత ఛార్జర్ ఉన్నదా?"

"దుకాణంల ఉంటది మేడం."

"పోయి పట్టుకరా. అది లేకుంటే పని సురూ కాదు."

అది అబద్ధం. మా బల్ల మీద ఏ డిస్కుకైనా సరిపోయే కరెంటు పెట్టె ఉంది. మంజుల గల్లీ మలుపు తిరిగేదాకా చూసి, మేడం కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఇగ చెప్పు శ్రీశైలం. ఈ బోర్డు ఏడికెల్లి వచ్చింది?"

అతను గుమ్మం వైపు ఒకసారి చూసి, కూలబడ్డాడు. "మంజులకు చెప్పొద్దు మేడం. డిస్కు ఛార్జర్ దొరకలే. పార్టీ వచ్చి కూసున్నది, డిజైన్ చూపియ్యాలె. లాప్‌టాప్ ఛార్జర్ పిన్ను పెట్టి చూసిన, సరిగ్గ కూసుంది. పెట్టంగనే పొగ వచ్చింది. గుంజేసిన. ఆమెకు తెలిసేలోపల బాగు చేయిద్దామని ఒక దుకాణానికి పట్టుకపోయిన. వాళ్లు గిట్లాంటిదే ఇంకో బోర్డు ఏసిచ్చిన్రు. అప్పటి నుంచి టిక్ టిక్ అంటున్నది."

లాప్‌టాప్ ఛార్జర్ డిస్కు తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. పిన్ను పట్టింది కదా అని పెట్టేయడం ఇక్కడ అందరూ చేసే పనే. మేడంకు కోపం వచ్చింది అందుకు కాదు. "పాత బోర్డు ఏది?" అని అడిగితే అతను "వాళ్లే ఉంచుకున్నరు, పాతదిస్తే తక్కువకు చేస్తమన్నరు" అన్నప్పుడు నెత్తి కొట్టుకున్నారు. ప్రతి డిస్కుకూ తయారైనప్పుడే రాసిపెట్టిన సొంత కొలతలు కొన్ని ఉంటాయి. అవి బోర్డు మీద ఎనిమిది కాళ్లున్న ఒక చిన్న చిప్‌లో దాగి ఉంటాయి. వేరే బోర్డు వేస్తే డిస్కు తిరుగుతుంది గానీ తనలో ఉన్నది తానే చదువుకోలేక టిక్ టిక్ అంటుంది. కాలిపోయిన ఆ బోర్డే ఇప్పుడు మంజుల డిజైన్లకు తాళంచెవి. అది పరాయి దుకాణంలో ఉండిపోయింది.

ముగ్గురం బయల్దేరాం. బోర్డు మార్చిన దుకాణంవాళ్లు పాతవన్నీ తుక్కు కొట్టుకు వేసేశామన్నారు. ఆ కొట్టు ఇంకో రెండు సందుల అవతల ఉంది. కొట్టాయన ఒక గోనెసంచి చూపించి, మీ ఇష్టం అన్నాడు. మేడం కొంగు నడుముకు దోపి, బోర్లించిన డబ్బా మీద కూర్చున్నారు. సంచిలోంచి నేను ఒక్కో బోర్డు తీసి ఇస్తుంటే, వాసన చూసి, కానిదాన్ని పక్కకు పడేస్తున్నారు.

"ఏందమ్మా, ఇవేమన్న టమాటలా ఏరుకోనీకి?" అని నవ్వాడు కొట్టాయన.

"టమాట కుళ్లితే కండ్లకే కనిపిస్తది బాబూ, నువ్వు జర ఆ బీడీ ఆర్పు" అన్నారు మేడం తలెత్తకుండా. ఆయన ఆర్పేశాడు.

శ్రీశైలంకు ఆత్రం ఆగలేదు. ప్రతి బోర్డునూ చూసి ఇదే ఇదే అనేవాడు. చివరికి మేడం ఒక బోర్డును ముక్కు దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంచారు. జాకెట్‌లోంచి చిన్న కాగితం పొట్లం తీశారు. అందులో మా గదిలో తీసిన స్పాంజి ముక్క ఉంది. దాన్ని బోర్డు మీద పరిచారు. మచ్చలకు మచ్చలు సరిగ్గా కూర్చున్నాయి. శ్రీశైలం ఆ తుక్కులోనే చతికిలబడి ఆవిడ కాళ్లు పట్టుకోబోయాడు. "కాళ్లు కాదు, సంచి పట్టు, అన్నీ మళ్ల అండ్ల ఎయ్యి" అన్నారు.

తిరిగి వచ్చి మేడం ఆ బోర్డును భూతద్దం కింద పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు చూశారు. తర్వాత నన్ను చూడమన్నారు. కరెంటు లోపలికి వచ్చే చోట ఒక చిన్న ముక్క ఉంటుంది. వోల్టేజి ఎక్కువైతే ఆ ముక్క తాను కాలిపోయి లోపలివాటిని కాపాడుతుంది. ఒకరకంగా గుమ్మం దగ్గర కాపలావాడు. ఈ బోర్డులో ఆ ముక్కా కాలిపోయి ఉంది, లోపల మోటారు చిప్పూ కాలిపోయి ఉంది. కాపలా ముక్క ప్రాణంతో ఉండగా చిప్ కాలదు. ఈ సంగతి తెలిసినా, దాన్నిబట్టి ఏం జరిగి ఉంటుందో నాకు తట్టలేదు. మేడంకు తట్టింది.

"శ్రీశైలం, ఎన్నిసార్లు పెట్టినవ్ ఆ ఛార్జర్?"

"ఒక్కసారే మేడం. మా అమ్మ తోడు. పొగ రాంగనే గుంజేసిన."

మేడం అతని మొహంలోకి చూసి తలాడించారు. అతను నిజమే చెబుతున్నాడు. ఒక్క క్షణం పెట్టి తీసేస్తే రెండూ కాలవు. అతను పెట్టేసరికే కాపలా ముక్క పోయి ఉంది. అంటే అంతకుముందే ఇంకెవరో అదే ఛార్జర్ పెట్టారు. ఇంతసేపూ దుకాణంలో వెతికిన ఛార్జర్ పట్టుకుని అప్పుడే మంజుల వచ్చి గుమ్మంలో నిలబడింది. మేడం శ్రీశైలం వైపు తిరిగి, "నువ్వు పోయి చాయ్ తాగి రా. జర నిమ్మళంగ తాగు" అన్నారు.

అతను వెళ్లాక ఛార్జర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "ఏడ దొరికింది బిడ్డా?"

"బట్టల మూట కింద మేడం."

"ఎప్పటికెల్లి ఉన్నది మూట కింద?"

అంతే. మంజుల స్టూలు మీద కూర్చుని మొహం కప్పుకుని ఏడ్చింది. శ్రీశైలం చేతిలో పొగ రావడానికి ముందురోజు మధ్యాహ్నం, అతను దారాలకు వెళ్లినప్పుడు, ఆమెకు కూడా డిస్కు ఛార్జర్ దొరకలేదు. లాప్‌టాప్ ఛార్జర్ పెట్టింది. లైటు రాలేదు. కాసేపు అలాగే ఉంచి, మాడు వాసన వస్తే తీసేసింది. ఏమీ ఎరగనట్టు ఉన్నచోటే పెట్టేసింది. "నా చేతులతోని గీసిన. నా చేతులతోనే కాలబెట్టుకున్న. ఆయనకు తెలిస్తే ఏం మొహం పెట్టుకుని ఉండాలె మేడం? అసలే ఆయనను నేనే ఎప్పుడు అంటుంట, నా డబ్బా ముట్టకు ముట్టకు అని." మేడం లేచి వెళ్లి కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చారు. ఓదార్పు మాటలు ఆవిడకు రావు. "తాగు. బోర్డు దొరికింది. చిన్న చిప్ బతికే ఉన్నట్టున్నది" అన్నారు. బోర్డు ఎక్కడ దొరికిందీ, ఎవరు మార్చిందీ చెప్పలేదు. ఆమె కూడా అడిగే స్థితిలో లేదు.

కాలిన బోర్డు మీది ఎనిమిది కాళ్ల చిప్‌ను వేడిగాలితో లేపి, కాలని బోర్డు మీద కూర్చోబెట్టింది మేడమే. అలాంటి పనులు నాచేత చేయించేవారు గానీ ఆ రోజు ఇవ్వలేదు. టంకం పెట్టి, మీటర్ పెట్టి, మళ్లీ వాసన చూసి, అప్పుడు కరెంటు ఇచ్చారు. అప్పటికి శ్రీశైలం కూడా వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. డిస్కు తిరిగింది. టిక్ టిక్ లేదు. తెర మీద ఫోల్డర్లు వచ్చాయి. మేడం ఒకటి తెరిస్తే గుమ్మడి తీగ కనిపించింది, ఆకుపచ్చ గీతలతో. మంజుల "అయ్యో" అంది. శ్రీశైలం గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

అన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి ఇస్తూ మేడం సొరుగులోంచి ఎర్ర నెయిల్ పాలిష్ తీసి, ఛార్జర్ పిన్నుకూ డిస్కు రంధ్రానికీ చుట్టూ పూశారు. "ఎరుపుకు ఎరుపే పెట్టాలె. ఏది పడితే అది పెడితే కాలుతది. ఎవల చేతులనైనా కాలుతది" అన్నారు ఇద్దరినీ చూస్తూ. ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఎవరికి వారే, ఆ మాట తనకే అనుకున్నారు.

వాళ్లు వెళ్లాక నేను ఉండబట్టలేక అడిగాను. "ఇద్దరిదీ తప్పుంది కదా మేడం. చెప్తే ఇద్దరి బరువూ దిగేది కదా."

"చెప్పుకుంటే వాళ్లు చెప్పుకుంటరు. మన దగ్గరికి బోర్డు తెచ్చిన్రు, సంసారం తేలే."

"అయినా..."

"ఆ బోర్డు రెండుసార్లు కాలింది యాదగిరీ. మూడోసారి నన్ను కాలబెట్టమంటవా?"

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. అప్పటిదాకా జబ్బు కనిపెట్టడం అంటే కనిపెట్టిందంతా బయటికి చెప్పేయడమే అనుకునేవాణ్ణి. గల్లీలో అందరి ముందూ గిరాకీని దులిపేసే ఆ మనిషి, మాట ఎక్కడ ఆపాలో నాకంటే బాగా తెలిసిన మనిషి అని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఇద్దరు కలిసి డిస్కు తెస్తే నేనూ ఒకరిని ఏదో వంకతో బయటికి పంపి, విడివిడిగానే అడుగుతాను. తండ్రీ కొడుకులైనా, భాగస్తులైనా సరే. నిజం ఎక్కువగా అలాగే వస్తుంది. బోర్డు బాగుచేయడానికి ఎంత కావాలో అంత వాడుకుని, మిగిలింది నాతోనే ఉంచుకుంటాను. ఇది టంకం కంటే కష్టమైన పని. నాకు ఇంకా పూర్తిగా రాలేదు.

మేడం చివరి రోజుల్లో చేతులు వణికేవి. కుర్చీలో కూర్చుని వాసన మాత్రం చూసేవారు, టంకం నేను పెట్టేవాణ్ణి. పోయిన ఏడాది ఒంట్లో బాగాలేక దవాఖానలో చేరి, మళ్లీ ఇంటికి రాలేదు. నాకు ఏడుపు రాలేదు. దుకాణం ఎలా, వచ్చిన డిస్కులు ఎలా అనే ఫికర్‌లోనే దినాలన్నీ గడిచిపోయాయి. షట్టర్ మళ్లీ ఎత్తిన రోజు పొద్దున్నే మంజుల వచ్చింది. మేడం పటానికి దండం పెట్టుకుని, వెళ్లబోతూ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించింది.

"అన్నా, ఆ ఛార్జర్ ముచ్చట మా ఆయనకు ఇప్పటికి తెల్వదు. మేడం ఎన్నడు బయటపెట్టలే. నువ్వు గూడ ఆనాడు ఈడనే ఉంటివి, ఎవలకన్న చెప్పినవా?"

"నాకేం తెల్వదమ్మా" అన్నాను.

ఆమె ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ చూసుకుని, శ్రీశైలం వచ్చాడు. పటం ముందు కాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వంగాడు.

"యాదగిరన్నా, ఆనాడు మనం తుక్కు కొట్టుకు పోయింది, నేను బోర్డు కాలబెట్టింది మంజులకు ఇప్పటికి తెల్వదు. మేడం మాట నిలబెట్టుకున్నది. ఇగ నువ్వే..."

"ఏ బోర్డు? నాకేం యాదికి లేదన్నా" అన్నాను.

అతను నా భుజం తట్టి వెళ్లాడు. నేను షట్టర్ సగం దించి, మేడం కుర్చీలో కూర్చుని, అప్పుడు ఏడ్చాను.